సెయింట్ కిల్డాకి ఆగస్టులో వద్దు నాయనా, జూన్‌లో వెళ్లు

అమ్మానాన్నలు చిత్తూరు నుంచి ఆగస్టు రెండో వారంలో గ్లాస్గో వస్తున్నారని రాశావు. మనుషులు పూర్తిగా ఖాళీ చేసి వెళ్లిపోయిన దీవి ఒకటి స్కాట్లండ్‌లో ఉందని, ఇప్పుడు అక్కడ లక్షల పక్షులే కాపురం ఉంటున్నాయని మీ నాన్న ఎక్కడో చూసి, చూపించమని అడిగారన్నావు. ఆయనకి మోకాళ్ల నొప్పి. మీ అమ్మకి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. వెళ్లగలమా, పఫిన్లు అనే సముద్రపక్షులు కనిపిస్తాయా, తలకి రెండు వందల పౌండ్ల పైన పెట్టడం దండగా అన్నవి నీ ప్రశ్నలు.

నేను తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. ముప్పై ఏళ్ల పాటు ప్రతి చలికాలం పక్షుల్ని చూపించడానికి పిల్లల్ని బస్సెక్కించుకుని నేలపట్టు, పులికాట్ తిప్పాను. మా అమ్మాయి గ్లాస్గోలో ఉన్నప్పుడు మీ నాన్న అడిగిన ఆ దీవికే, సెయింట్ కిల్డాకి, రెండుసార్లు బయల్దేరాను, ఒక్కసారే దిగగలిగాను. నువ్వు నా స్టూడెంట్ల ఈడువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా.

ముందు అసలు మాట. టికెట్లు మార్చుకునే వీలుంటే అమ్మానాన్నల్ని మే చివర్లో రప్పించు, దీవికి జూన్‌లో తీసుకెళ్లు. పఫిన్ అనేది ఏప్రిల్‌లో గట్టుకి వస్తుంది, బొరియలో ఒక్కటే గుడ్డు పెడుతుంది, జులై ముగిసి ఆగస్టు మొదలయ్యేసరికి సముద్రం మీదికి వెళ్లిపోతుంది. మళ్లీ వసంతం దాకా నేల తొక్కదు. మీరు ఆగస్టు చివర వెళితే బొరియలు కనిపిస్తాయి, పఫిన్ కనిపించదు. ఫుల్మార్లు, గానెట్లు అనే వేరే సముద్రపక్షులు సెప్టెంబరు దాకా ఉంటాయి కానీ, కొండంతా పక్షులతో అదిరిపోయే రోజులు మాత్రం మే నుంచి జులై దాకానే. నేలపట్టుకి ఏప్రిల్‌లో వెళ్లి గూడబాతులు ఏవీ అని అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

దీవి ఎక్కడుందో నాన్నకి మ్యాప్ తీసి చూపించు. స్కాట్లండ్‌కి పడమట హెబ్రిడీస్ దీవులున్నాయి, వాటికి కూడా అవతల, నార్త్ యూయిస్ట్ నుంచి ఇంకో 64 కిలోమీటర్లు అట్లాంటిక్‌లోకి వెళ్లాలి. సెయింట్ కిల్డా అంటే ఒక్క దీవి కాదు. హిర్టా, సోయ్, బోరరే, డూన్, వాటి చుట్టూ నీళ్లలోంచి నిటారుగా లేచిన రాతి స్తంభాలు. మనుషులు ఊరు కట్టుకుని ఉన్నది హిర్టాలోనే. పడవలు దింపేదీ అక్కడే.

గ్లాస్గో నుంచి ఒక్కరోజులో వెళ్లొచ్చే పని కాదు. స్కై దీవిలోని యూయిగ్ దాకా రోడ్డు, అక్కడి నుంచి ఫెర్రీలో హారిస్ దీవి, హారిస్ దక్షిణ కొసన లెవర్‌బరా అనే చిన్న ఊరు. పొద్దున్నే బయల్దేరే పడవ అక్కడి నుంచి మూడు గంటల్లోపు హిర్టా చేరుస్తుంది. స్కై నుంచి నేరుగా వెళ్లే పడవలూ ఉన్నాయి, నాలుగు గంటలు పడుతుంది. అమ్మ సంగతి తెలుసు కాబట్టి లెవర్‌బరానే ఎంచుకో. సముద్రం మీద ఒక గంట తగ్గినా తగ్గినట్టే.

బుక్ చేసేటప్పుడు ఇవాళ గాలి ఎక్కువైతే రేపు అని రెండు రోజులు కలిపి ఇస్తారు. ఆ రెండో రోజుని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మొదటిసారి నేనూ అదే తప్పు చేశాను. మొదటి రోజు రాత్రి పడవవాళ్లు ఫోన్ చేసి రేపు కుదరదన్నారు, రెండో రోజూ అదే మాట. మూడో రోజు మాకు ఫెర్రీ. హారిస్ ఒడ్డున నిలబడి పడమటికి చూసి వెనక్కి వచ్చేశాం. ఆ రాత్రి మా ఆయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ఈ దీవి దర్శనం కూడా పిలుపు వస్తేనే." రెండోసారి, 2019 జూన్‌లో, లెవర్‌బరా దగ్గర నాలుగు రాత్రులు గది తీసుకున్నాం. మూడో రోజు పిలుపు వచ్చింది. నువ్వు కూడా నాలుగు రాత్రులు పెట్టుకో. పడవ లేని రోజు హారిస్‌లో తెల్ల ఇసుక తీరం చూపించు, అది కూడా నాన్నకి నచ్చుతుంది.

కడుపులో తిప్పడం గురించి. తిరుమల ఘాట్ రోడ్డులో నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటామే, ఆ ధైర్యంతో అట్లాంటిక్‌కి వెళ్లకూడదు. ప్రయాణపు వాంతులకి మాత్ర డాక్టర్ని అడిగి, ఆయన చెప్పిన టైముకి, పడవ ఎక్కక ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేస్తే అది కడుపులో నిలవదు. పరగడుపున వద్దు, కడుపు నిండా వద్దు. పడవ లోపల తల వంచుకుని కూర్చోకుండా వెనక భాగంలో గాలి తగిలేచోట నిలబడి దూరంగా నీటి గీతనే చూస్తూ ఉండాలి. నేను రెండు ఇడ్లీలంత తిని వెళ్లాను, బాగానే ఉన్నాను. మాతో వచ్చిన వాళ్లలో నలుగురు పోనూ రానూ కవర్లు పట్టుకునే ఉన్నారు. పాపం, దీవి మీద కూడా వాళ్లకి సగం సేపు కూర్చోవడమే అయింది.

పెద్ద పడవ గట్టుకి ఆనదు. విలేజ్ బే అనే వంపులో లంగరు వేసి, రబ్బరు డింగీలోకి నలుగురైదుగుర్ని దింపి జెట్టీ దగ్గరికి తీసుకెళతారు. అల లేచినప్పుడు డింగీ పైకి వస్తుంది, ఆ క్షణంలో ఒకరు చెయ్యి పట్టుకుంటే మెట్టు మీదికి అడుగు వెయ్యాలి. అల దిగాక వేస్తే మెట్టు మోకాలి పైన ఉంటుంది. మీ నాన్న మోకాళ్లు ఈ ఒక్క అడుగుని తట్టుకుంటాయా అన్నదే నువ్వు చూసుకోవాల్సింది. ఇంట్లో ఎత్తు స్టూల్ మీదికి పట్టు లేకుండా ఎక్కగలుగుతున్నారేమో చూడు. ఎక్కగలిగితే పర్లేదు. అమ్మ చీర కట్టుకుని మాత్రం వద్దు, నేను సల్వార్ మీద వాన కోటు వేసుకున్నాను.

దిగగానే రేంజర్ వచ్చి కొన్ని నియమాలు చెబుతారు. అంతకన్నా ముందే, పడవలోనే సంచులు విప్పి చూసుకోమంటారు. ఎలుక కోసం. నవ్వుకోవద్దు నాయనా, ఆ దీవి ప్రాణం దాని మీదే ఉంది. నేల మీద, బొరియల్లో గుడ్లు పెట్టే పక్షులవి. చెట్టన్నదే లేదు అక్కడ. కడుపుతో ఉన్న ఎలుక ఒక్కటి గట్టెక్కితే కొన్నేళ్లలో పఫిన్ల బొరియలన్నీ ఖాళీ. అందుకే సద్ది కట్టుకునేటప్పుడు గుడ్డ మూటలు, చిల్లు పడిన కవర్లు వద్దు, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టు. దీవిలో తిండి దొరకదు. మేం చిత్రాన్నం, పెరుగన్నం పట్టుకెళ్లాం, ఊరి గోడ పక్కన కూర్చుని తిన్నాం, మెతుకు కూడా కింద పడకుండా ఏరుకున్నాం.

ముందుగా కనిపించేవి పాత ఇళ్లు కావు, సైన్యపు రాడార్ స్థావరం. 1957 నుంచీ ఉంది, సౌత్ యూయిస్ట్ వైపు నుంచి వదిలే క్షిపణుల్ని గమనించడానికి. నాన్న నిరాశపడితే మన శ్రీహరికోటని గుర్తుచెయ్యి. అక్కడ రాకెట్, పక్కనే పులికాట్‌లో ఫ్లెమింగోలు. ఆ భవనాలు దాటి వంద అడుగులు వేస్తే ఊరి వీధి వస్తుంది.

ఆ వీధి గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఒకే ఒక్క వీధి, సముద్రం వైపు మొహం పెట్టి వంపుగా, 1860ల్లో కట్టిన 16 ఇళ్లు. కొన్నింటికి మళ్లీ కప్పు వేశారు, ఒకదాన్ని మ్యూజియం చేశారు. మిగతావాటికి గోడలే. కప్పు లేని ఒక ఇంట్లోకి వెళ్లి పొయ్యి దగ్గర వంగి చూశాను. పలక రాయి ముక్క మీద, ఆఖరున ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేరు రాసి పెట్టారు. పొయ్యి రాళ్ల మధ్య గడ్డి మొలిచింది, ఒక గొర్రె అక్కడే పడుకుని లేచి వెళ్లిన వెచ్చదనం ఇంకా ఉంది, చెయ్యి పెట్టి చూశాను. మా ఆయన గుమ్మం బయటే ఆగిపోయారు, లోపలికి రాలేదు. పరాయివాళ్ల ఇంట్లోకి పిలవకుండా ఎలా వెళ్తామన్నారు.

వాళ్లు పోయింది 1930 ఆగస్టు 29న. మిగిలింది 36 మంది. మేలో వాళ్లే ప్రభుత్వానికి అర్జీ రాసుకున్నారు, మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లమని. వయసు మగవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, పంట సరిగ్గా రాలేదు, రోగమొస్తే చూసే దిక్కు లేదు. అంతకుముందు శతాబ్దంలో పుట్టిన బిడ్డలు వారం తిరగకుండా ధనుర్వాతంతో పోతుండేవారు. వెళ్లేరోజు పొద్దున ఒక్కో ఇంట్లో బైబిలు తెరిచిపెట్టి, పక్కన కాసిని ఓట్ గింజలు పోసి, తలుపు వేసి, హేర్‌బెల్ అనే నౌక ఎక్కారు. కుక్కల్ని వెంట తీసుకెళ్లలేక మెడకి రాళ్లు కట్టి ఆ వంపులోనే ముంచేశారు. ఈ సంగతి అమ్మకి ముందే చెప్పకు, అక్కడ నిలబడి నీళ్లు చూస్తున్నప్పుడు తట్టుకోలేరు. చెట్టు ఎలా ఉంటుందో ఎరగని ఆ మగవాళ్లలో చాలామందికి ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగం అడవుల శాఖలో. ఆ దీవిలో పుట్టినవాళ్లలో ఆఖరామె రేచల్ జాన్సన్ 2016లో, 93వ ఏట చనిపోయింది.

మనుషులు పోయాక పక్షులు వచ్చాయని చాలామంది అనుకుంటారు. నీ ప్రశ్నలో కూడా ఆ ఊహే ఉంది. అది సరి కాదు. పక్షులున్నాయి కాబట్టే మనుషులు అక్కడ బతికారు. చేపలకన్నా పక్షుల మీదే వాళ్ల బతుకు. చెప్పుల్లేని కాళ్లతో, తాళ్లు నడుముకి కట్టుకుని కొండచరియల మీదికి దిగి గానెట్ పిల్లల్నీ ఫుల్మార్లనీ పఫిన్లనీ పట్టుకొచ్చేవారు. మాంసం తిండికి, నూనె దీపానికి, ఈకలు శిస్తుకి. హిర్టా అంతటా కొండ పొడవునా చిన్న చిన్న రాతి గుడిసెలు కనిపిస్తాయి, పైన మట్టి పెళ్లలు కప్పి ఉంటాయి. క్లీట్ అంటారు వాటిని. ఒక్క హిర్టాలోనే 1200 పైచిలుకు. రాళ్ల సందుల్లోంచి గాలి దూరి పోతుంటుంది, వాన మాత్రం దిగదు. పట్టిన పక్షుల్ని, గుడ్లని అందులో ఆరబెట్టుకుని చలికాలం తినేవారు. మన పల్లెల్లో గాదె ఉంటుందే, అలాంటిది, ధాన్యం బదులు పక్షులు. ఒక క్లీట్ గుమ్మం దగ్గర కూర్చుంటే గోడ రాయి మీద ఒక బుల్లిపిట్ట వాలి, ఒంటికి మించిన గొంతుతో పాడింది. సెయింట్ కిల్డా రెన్. ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండని ఉపజాతి. నా చేతికి రెండడుగుల దూరంలో. నా ముప్పై ఏళ్ల పాఠాల్లో దీవుల మీద జీవులు ఎలా వేరుపడతాయో చెప్పడానికి బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఆ క్షణంలో అక్కర్లేనివయ్యాయి.

మనుషులతో పాటే పోయింది ఇంట్లో తిరిగే చిట్టెలుక. వంటిల్లు లేక ఆ జాతి అక్కడ అంతరించింది. పొలాల్లో తిరిగే చిట్టెలుక మాత్రం మిగిలింది, అది కూడా అక్కడి ఉపజాతే. 1932లో పక్కనున్న సోయ్ దీవి నుంచి 107 గొర్రెల్ని తెచ్చి హిర్టాలో వదిలారు. వాటి సంతానమే ఇప్పుడు ఊళ్లో యజమానుల్లా తిరుగుతుంటాయి. ఎవరూ మేపరు, ఎవరూ బొచ్చు కత్తిరించరు, గడ్డు చలికాలం వస్తే వందల్లో చచ్చిపోతాయి. నాన్నకి గొర్రెల మీద ఇష్టం ఉంటే ఆయన్ని ఒక గంట అక్కడే వదిలెయ్.

దిగాక నాలుగైదు గంటలు ఇస్తారు. వీధి, మ్యూజియం, క్లీట్లు చూడటానికి మోకాళ్ల నొప్పి ఉన్నా ఆ టైము చాలు. ఓపికుంటే గ్యాప్ అనే కనుమ దాకా గడ్డి వాలు ఎక్కాలి. మెల్లగా గంట పడుతుంది. పైకి వెళ్లాక నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది, అవతల సముద్రమే. పక్కన కోనహైర్ శిఖరం, 430 మీటర్లు, ఒక వైపు నేరుగా నీళ్లలోకి తెగి పడుతుంది. బ్రిటన్‌లో అంత ఎత్తు సముద్రపు చరియ ఇంకోటి లేదు. అంచుకి పది అడుగుల దూరంలో కడుపు మీద పడుకుని చూడండి, నిలబడి కాదు. గాలి మామూలుగా ఉండదు. నాకు ఎదురుగా గాలిలో, రెక్క ఆడించకుండా, ఒక ఫుల్మార్ అలాగే నిలబడి నన్ను చూసింది. అది గూడు మీద ఉన్నప్పుడు మాత్రం దగ్గరికి పోవద్దు, కడుపులో నూనెని మొహాన ఉమ్ముతుంది, ఆ కంపు ఎన్ని ఉతుకులకీ వదలదు. దారిలో స్కువాలు అనే పెద్ద సముద్రపక్షులు గూడు దగ్గర ఉంటే తల మీదికి దూసుకొస్తాయి. చేతికర్ర తలకన్నా ఎత్తులో పట్టుకుంటే కర్ర కొసకే వస్తాయి.

అసలైనది తిరుగు ప్రయాణంలో ఉంది. పడవ నేరుగా వెనక్కి రాకుండా బోరరే చుట్టూ తిప్పుతుంది. దాని పక్కనున్న రెండు రాతి స్తంభాల్లో స్టాక్ అన్ ఆర్మిన్ 196 మీటర్లు, స్టాక్ లీ 172 మీటర్లు. దూరం నుంచి స్టాక్ లీ పైన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. దగ్గరికి వెళ్లాక ఆ సున్నం కదిలింది. అంతా గానెట్లే. ఆ చుట్టుపక్కల కలిపి దాదాపు 60 వేల జతలని లెక్క. ఆరడుగుల రెక్కలు, పసుపు తల, లేత నీలం కన్ను. ముప్పై మీటర్ల పై నుంచి రెక్కలు వెనక్కి ముడిచి ఈటెలా నీళ్లలో పడతాయి. ఆ అరుపు, ఆ కంపు, పై నుంచి మంచులా రాలే ఈకలు. కళ్లు మూసుకుంటే ఆ వాసన నాకు నేలపట్టు చెరువు కట్ట మీద, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల పక్కన నిలుచున్నట్టే ఉంది. చేపలు తినే పక్షి రెట్ట వాసన ఎక్కడైనా ఒకటే.

ఆ స్టాక్ అన్ ఆర్మిన్ మీద ఒక కథ నాన్నకి చెప్పు. 1727లో పక్షుల వేటకి ముగ్గురు మగవాళ్లనీ ఎనిమిది మంది పిల్లల్నీ అక్కడ దింపారు. ఊళ్లో మశూచి వచ్చి, తీసుకురావడానికి పడవ నడిపేవాళ్లే మిగల్లేదు. తొమ్మిది నెలలు, ఒక చలికాలమంతా, ఆ రాతి మీదే పక్షులు తిని బతికారు. పడవ దాని పక్కనే ఆగినప్పుడు మెడ ఎత్తి చూడండి, పడుకోవడానికి చదును చోటు కనిపిస్తుందేమో. బ్రిటన్‌లో ఆఖరి గ్రేట్ ఆక్‌ని, పెంగ్విన్‌లా ఎగరలేని పెద్ద పక్షిని, 1840 ప్రాంతంలో చంపింది కూడా అక్కడే. పట్టుకున్నాక తుఫాను లేచింది, ఇది మంత్రగత్తె అని కొట్టి చంపారు. ఇప్పుడు ఆ జాతే లేదు.

నేను చూసింది 2019లో. ఆ తర్వాత 2021, 2022లో బర్డ్ ఫ్లూ వచ్చింది. బ్రిటన్ మొత్తం మీద గ్రేట్ స్కువాలు నాలుగింట మూడొంతులు తగ్గిపోయాయి, గానెట్లు నాలుగో వంతు. నా కర్ర మీదికి దూసుకొచ్చినవి ఇప్పుడు ఉన్నాయో లేవో అని తలుచుకుంటేనే నాకు బాధగా ఉంటుంది. అక్కడ చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోవద్దు, రేంజర్‌కి చెప్పండి.

ఇక నా సలహా సూటిగా. నాన్నని తీసుకెళ్లు, మోకాలి పరీక్ష చేశాకే. అమ్మని ఆ పడవ ఎక్కించొద్దు. ఆరు గంటల అలలు ఆమె తట్టుకోలేరు, మధ్యలో వెనక్కి తిప్పమంటే తిప్పరు. ఆమె కోసం, టికెట్లు మారకపోతే ఆగస్టులో ముగ్గురి కోసమూ, వేరే దారి ఉంది. గ్లాస్గో నుంచి ఎడిన్‌బరా మీదుగా రైల్లో నార్త్ బెరిక్. అక్కడి నుంచి గంటన్నర లోపు పడవ బాస్ రాక్ చుట్టూ తిప్పి తెస్తుంది. అదీ మనుషులు వదిలేసిన రాయే, ఒకప్పుడు కోట, జైలు, లైట్‌హౌస్. 1988లో లైట్‌హౌస్ ఆటోమేటిక్ అయ్యాక అక్కడ కాపురం ఎవరికీ లేదు. గానెట్లు అక్టోబరు దాకా ఉంటాయి. 2014లో 75 వేల జతలు లెక్క తేలింది, బర్డ్ ఫ్లూ తర్వాత 2023లో 52 వేల దగ్గరికి పడిపోయింది. బైనాక్యులర్‌తో కళ్లు చూడు. లేత నీలం బదులు నల్లగా, మచ్చలుగా ఉన్న కన్ను కనిపిస్తే అది ఆ జబ్బు వచ్చి బతికిన పక్షి. సముద్రం బాగా లేకపోతే ఒడ్డునే సీబర్డ్ సెంటర్‌లో కెమెరాల్లో చూపిస్తారు, అమ్మ అక్కడ హాయిగా కూర్చోవచ్చు.

డబ్బు దండగా అన్నావు. జూన్‌లో, నాలుగు రోజుల తీరికతో వెళితే కాదు. ఆగస్టు చివర ఒక్కరోజు ఖాళీ చూసుకుని వెళితే చాలావరకు దండగే.

వాళ్లు ఊరొచ్చాక డిసెంబరులోనో జనవరిలోనో మా వైపు తీసుకురా. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం దగ్గర నేలపట్టు, అక్కడి నుంచి సూళ్లూరుపేట, పులికాట్. ఓపికుంటే బీవీ పాళెం రేవులో పడవెక్కి ఇరకం దీవి కూడా చూడొచ్చు, అక్కడ మనుషులింకా ఉన్నారు. పులికాట్ నీళ్లు చాలాచోట్ల నడుం లోతే, అమ్మకి ఆ పడవ భయముండదు. నేలపట్టు రైతులు ఆ పక్షుల్ని తరిమిన పాపాన పోలేదు, రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకి తెలుసు. పొద్దున ఏడింటికల్లా కట్ట మీద ఉండాలి, అప్పుడే గూడబాతులు మేతకి లేస్తాయి. నాన్నకి బైనాక్యులర్ కొనొద్దు, నాది తెస్తాను.